మెడ గడ్డకు సూది పరీక్ష: తేలినవీ, తేలనివీ

మెడ మీద గడ్డ కనిపిస్తే గుంటూరు జిల్లా పొన్నూరు చుట్టుపక్కల ఊళ్లలో మనిషికి మూడు రకాల సలహాలు అందుతాయి. సూది పెట్టించుకోవద్దు, లోపల చెడ్డది ఉంటే ఒళ్లంతా పాకుతుందంటారు ఇంట్లో పెద్దవాళ్లు. గడ్డ మొత్తం తీయించి పరీక్షకు పంపితే ఒక పని అయిపోతుందంటారు ఇంకొకరు. మెడ బిళ్ళలంటే టీబీయే, ఆరు నెలలు మందులు మింగితే కరిగిపోతాయనేది మూడో మాట. ఈ మూడూ ఊళ్లో పుట్టినవి కావు. వైద్యరంగంలో తొంభై ఏళ్లకు పైగా నడుస్తున్న వాదాలే జారి జారి ఇక్కడిదాకా వచ్చాయి. ఒక్కోదానిలో కొంత నిజం ఉంది. అందుకే చిక్కు ముడి విడటం లేదు.

సన్నని సూదితో గడ్డలోని కణాలను పీల్చి, గాజు స్లైడు మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూడటాన్ని ఫైన్ నీడిల్ యాస్పిరేషన్ సైటాలజీ అంటారు. ఆస్పత్రి చీటీ మీద ఎఫ్ఎన్ఏసీ అని ఉంటుంది, జనం సూది పరీక్ష అంటారు. ఈ పరీక్ష చేయాలా వద్దా అన్న తగవు చాలావరకు తీరిపోయింది. సూది ఏమీ చెప్పలేకపోయినప్పుడు, ముఖ్యంగా గడ్డలో నీరు మాత్రమే వచ్చినప్పుడు, ఏం చేయాలన్నదే ఇప్పుడు మిగిలిన అసలు ప్రశ్న. దానికి దక్కాల్సినంత చర్చ దక్కడం లేదు.

న్యూయార్క్ నుంచి స్టాక్‌హోం దాకా

గొంతు మీది వాపులో సూది గుచ్చి చూడటం గురించి పదో శతాబ్దపు అరబ్బు వైద్యుడు అబుల్ ఖాసిం అల్ జహ్రావీ రాశాడని వైద్య చరిత్రకారులు చెబుతారు. ఆధునిక వైద్యంలో 1904లో గ్రేగ్, గ్రే అనే ఇద్దరు వైద్యులు ఆఫ్రికాలో అతినిద్ర వ్యాధి రోగుల మెడ గ్రంథుల్లోంచి సూదితో ద్రవం తీసి, అందులో ఆ రోగక్రిమిని చూపించారు. అప్పటికి వెతుకులాట క్రిముల కోసం, క్యాన్సర్ కోసం కాదు.

మలుపు 1930లో వచ్చింది. న్యూయార్క్ మెమోరియల్ ఆస్పత్రిలో తల, మెడ శస్త్రవైద్యుడు హేస్ మార్టిన్, అక్కడి టెక్నీషియన్ ఎడ్వర్డ్ ఎల్లిస్ కలిసి సూదితో పీల్చి క్యాన్సర్‌ను గుర్తించే పద్ధతిని ప్రచురించారు. మెడ గ్రంథికి కత్తి పెట్టకుండానే రోగం పేరు తెలియాలి, ఆ తరువాత రేడియేషన్ మొదలుపెట్టాలి. ఇదీ మార్టిన్ అవసరం. 1933లో అదే ఆస్పత్రి పాథాలజిస్టు ఫ్రెడ్ స్టూవర్ట్ ఆ స్లైడ్లను ఎలా చదవాలో వివరంగా రాశాడు. అయినా అమెరికాలో పద్ధతి నిలదొక్కుకోలేదు. వాళ్లు వాడినది 18 గేజి సూది, అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్ల మందం. క్యాన్సర్ కణాలు సూది దారి వెంట చర్మం దాకా వస్తాయన్న భయం ఒకటి, ముక్క లేకుండా కణాలను చూసి తీర్పు చెప్పడం పాథాలజీ కాదన్న అభ్యంతరం మరొకటి.

ఆ రెండు అడ్డంకులనూ 1950, 60 దశకాల్లో స్వీడన్ దాటింది. స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా ఆస్పత్రిలో సిక్‌స్టెన్ ఫ్రాంజెన్, జోసెఫ్ జాయిచెక్, టోర్‌స్టెన్ లోవ్‌హాగెన్ 22 గేజి, అంతకన్నా సన్నని సూదులు వాడారు. 22 గేజి అంటే 0.7 మిల్లీమీటర్లు. రక్త పరీక్షలకు వాడే గీమ్సా తరహా రంగులనే వీటికీ వాడి, వేలాది స్లైడ్లను తరువాత జరిగిన ఆపరేషన్ ఫలితాలతో పోల్చి చూశారు. 1980ల్లో ఫ్రాన్స్ వైద్యులు ఇంకో అడుగు వేసి, సిరంజితో లాగకుండా ఉత్త సూదిని గడ్డలో ఆడించినా కణాలు సూది గొట్టంలోకి ఎక్కుతాయని చూపించారు. థైరాయిడ్ లాంటి రక్తం ఎక్కువగా ఉండే చోట ఈ పద్ధతిలో స్లైడు అంతగా రక్తమయం కాదు.

మన దేశంలో ఈ పరీక్ష త్వరగా పాతుకోవడానికి కారణం దాని సరళత. మత్తు అక్కర్లేదు, ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు, పది నిమిషాల పని. గుంటూరు వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సమగ్ర ఆస్పత్రి లాంటి చోట, రోజూ వందల మంది వచ్చే బయటి రోగుల విభాగానికి ఇది సరిగ్గా అతికింది.

సూది పెడితే పాకుతుందా

ఈ భయాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలిక, కాని న్యాయం కాదు. మందపాటి సూదుల కాలంలో పాథాలజిస్టులే అన్న మాట ఇది. సన్నని సూది దారిలో కణాలు నాటుకోవడం జరగదని కూడా చెప్పలేం. జపాన్‌లో థైరాయిడ్ క్యాన్సర్ రోగుల మీద జరిగిన పెద్ద పరిశీలనలో అలాంటివి వెయ్యికి ఒకటి రెండు చొప్పున కనిపించాయి. అలా వచ్చిన చిన్న గడ్డలను చాలావరకు తీసేయగలిగారు.

తూకం వేయాల్సింది ఈ స్వల్ప ప్రమాదాన్ని సూది మానేస్తే వచ్చే నష్టంతో. నోటి క్యాన్సర్ మెడ గ్రంథికి దిగినప్పుడు, సంగతి తెలియక ఆ గ్రంథిని కోసి తీస్తే క్యాన్సర్ సంచి చిరిగి చుట్టుపక్కల కండరాల్లో కణాలు చిందే అవకాశం ఉంటుంది, తరువాత చేయాల్సిన పెద్ద ఆపరేషన్‌కు ఆ మచ్చ అడ్డుపడుతుంది. హేస్ మార్టిన్ 1952లోనే దీని గురించి గట్టిగా హెచ్చరించాడు. 1978లో మెక్‌గర్ట్, మెకేబ్ అనే శస్త్రవైద్యులు ముందుగా గ్రంథిని కోసి తీసిన రోగుల్లో గాయం కుళ్లడం, మెడలో రోగం తిరగబెట్టడం, దూరభాగాలకు పాకడం ఎక్కువగా కనిపించాయని ప్రచురించారు. వెంటనే సరైన రేడియేషన్ ఇస్తే ఆ నష్టం పెద్దగా ఉండదని తరువాతి పరిశీలనలు కొన్ని వాదించాయి, కాబట్టి ఎంత నష్టమన్నది పూర్తిగా తేలలేదు. ఏది ముందు అన్నది మాత్రం తేలింది. పెద్దల మెడ గడ్డపై అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల అకాడమీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కోసి తీయడానికి ముందు సూది పరీక్షే చేయమంటాయి.

అంటే పాకుతుందని భయపడాల్సింది సూదికి కాదు, తొందరపడి పెట్టే కత్తికి. పొన్నూరు ప్రాంతంలో ఈ మాట తలకిందులుగా ప్రచారంలో ఉండటం వల్ల జరిగే హాని చిన్నది కాదు.

సూది వెంటనే పెట్టకూడని గడ్డలు లేకపోలేదు. దవడ కింద నాడితో పాటు కొట్టుకునే గడ్డ కెరోటిడ్ ధమని చీలిక దగ్గర పుట్టిన కణితి కావచ్చు. దానికి ముందు స్కానింగ్ చేయాలి.

మూడు వాదాలు

మొదటిది సూదే ముందు అనే వాదం. అన్ని రకాల మెడ గడ్డలనూ కలిపి చూసిన అంతర్జాతీయ సమీక్షల్లో, క్యాన్సర్ ఉన్నవాళ్లలో నూటికి 90 మందిని సూది పట్టుకుంటుందని, లేనివాళ్లలో 96 మందికి లేదని సరిగ్గా చెబుతుందని తేలింది. చవకైన పరీక్షకు ఇది గొప్ప ఫలితం. ఈ వాదులు తక్కువగా మాట్లాడేది మిగిలిన పది మంది గురించి.

రెండోది ముక్కే ప్రమాణం అనే వాదం. దీనికి గట్టి ఆధారం లింఫోమా. లింఫు గ్రంథిలోనే పుట్టే ఈ క్యాన్సర్‌లో పదుల రకాలున్నాయి, రకాన్ని బట్టి మందు మారుతుంది. గ్రంథి లోపలి అమరిక చూడాలి, ఒకే కణజాలం మీద అనేక ప్రత్యేక రంగుల పరీక్షలు చేయాలి. విడివిడి కణాల్లో ఆ అమరిక కనిపించదు. లింఫోమా అనుమానం దగ్గర సన్నని సూది ఆగిపోవాలి, ముక్క తీయాలి, వీలైతే పూర్తి గ్రంథినే. ఇందులో రెండో మాట లేదు.

మూడో వాదం రెండింటినీ జోడిస్తుంది. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సరైన చోట సన్నని సూది, చాలకపోతే అదే పూట కాస్త లావు సూదితో సన్నని కడ్డీ లాంటి ముక్క, అంటే కోర్ బయాప్సీ, దానికి తోడు జన్యు పరీక్ష. పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల్లో నడుస్తున్నది ఇదే. కాగితం మీద దీనికి ఎదురు లేదు. కాని దీనికి స్కానింగ్ చేసే రేడియాలజిస్టు, స్లైడు చదివే పాథాలజిస్టు ఒకే చోట, ఒకే పూట ఉండాలి. పొన్నూరు పక్కనున్న నిడుబ్రోలులో రైలెక్కి తెనాలి మీదుగా గుంటూరు చేరిన రోగికి సూది ఒక రోజు, స్కాను మరో రోజు, రిపోర్టు ఇంకో రోజు అయితే ఆ జోడింపు తెగిపోయినట్టే. మిరప కోతల రోజుల్లో కూలి వదులుకుని వచ్చిన మనిషి మూడోసారి రాకపోతే తప్పు ఆ మనిషిది కాదు.

నీటి గడ్డ దగ్గర అసలు చిక్కు

గట్టి గడ్డలో సూది ఆడిస్తే కణాలు వస్తాయి. నీటి తిత్తిలో పెడితే నీరే వస్తుంది. కణాలు తిత్తి గోడలో ఉంటాయి, గోడ నుంచి రాలి నీళ్లలో కలిసినవి తక్కువ, కలిసినవి కూడా చివికిపోయి ఉంటాయి. ఆ రిపోర్టులో సాధారణంగా కనిపించే మాట 'సిస్టు ద్రవం మాత్రమే, క్యాన్సర్ కణాలు కనిపించలేదు'. దీన్ని రోగి, ఒక్కోసారి వైద్యుడు కూడా, 'క్యాన్సర్ లేదు' అని చదువుకుంటారు. ఈ రెండు వాక్యాల మధ్య దూరం ప్రాణాంతకమైనది.

నీటి గడ్డల్లో అమాయకమైనవి చాలా ఉన్నాయి. మెడ నడుమ, నాలుక బయటికి చాపితే పైకి లేచేది థైరోగ్లాసల్ తిత్తి. థైరాయిడ్ గ్రంథి పిండదశలో నాలుక మొదలు నుంచి మెడలోకి దిగిన దారి మూసుకుపోకపోతే వస్తుంది. దానికి 1920లో సిస్ట్రంక్ చెప్పిన ఆపరేషన్, హయాయిడ్ ఎముక నడిమి ముక్కతో సహా తీయడం, ఇప్పటికీ ప్రామాణికం. మెడ పక్కన, పెద్ద కండరం ముందు అంచున యవ్వనంలో ఉబ్బేది బ్రాంకియల్ తిత్తి. సూది పెడితే పసుపు రంగు చిక్కని ద్రవం వస్తుంది, స్లైడు మీద కొలెస్టరాల్ పలకలు, పొలుసుల కణాలు కనిపిస్తాయి.

చిక్కు ఇక్కడే. టాన్సిల్, నాలుక మొదలుల్లో పుట్టిన క్యాన్సర్ మెడ గ్రంథిలోకి దిగి, లోపల కరిగి తిత్తిగా మారితే వచ్చేది కూడా అలాంటి పసుపు ద్రవమే, అవే పొలుసుల కణాలు. కణాల్లో తేడా స్వల్పంగా ఉన్నప్పుడు అనుభవమున్న కన్ను కూడా తడబడుతుంది. గట్టిగా ఉన్న మెడ క్యాన్సర్‌ను సూది నూటికి 90 సార్లు పట్టుకుంటే, తిత్తిగా మారిన దాన్ని 73 సార్లే పట్టుకుంటుందని 2017 మార్గదర్శకాలు ఉదహరించాయి. అంటే నలుగురిలో ఒకరు జారిపోతున్నారు. థైరాయిడ్‌లో పుట్టే పాపిలరీ క్యాన్సర్ కూడా ఇలాగే తిత్తి రూపంలో మెడ పక్కన తేలుతుంది, ఎక్కువగా వయసులో ఉన్న స్త్రీలలో.

అందుకే నలభై దాటిన మనిషి మెడ పక్కన కొత్తగా వచ్చిన నీటి గడ్డను బ్రాంకియల్ తిత్తి అని పేరు పెట్టి పంపకూడదన్న నియమం పుట్టింది. కారణం తేలేదాకా వెతకాలి. నోరు, గొంతు, టాన్సిల్ దీపం వేసి చూడాలి, నాలుక మొదలును వేలితో తడిమి చూడాలి, స్కాను తీయాలి. పాశ్చాత్య దేశాల్లో ఈ నియమం హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే టాన్సిల్ క్యాన్సర్ పెరిగాక బలపడింది. మన దగ్గర ఆ వైరస్ వాటా తక్కువ, పొగాకు వాటా ఎక్కువ. గుంటూరులో పొగాకు బోర్డు ఉంది, ప్రకాశం జిల్లాలో పొగాకు పండుతుంది, చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా ఈ మైదానమంతటా ఉన్నాయి. కారణం వేరైనా నియమం ఇక్కడ అంతే బలంగా వర్తిస్తుంది.

సూది పెట్టే చేతికి కూడా దీనిలో పని ఉంది. ద్రవం మొత్తం లాగేశాక గడ్డ చదునుగా పోతే సరి. ఏదైనా గట్టి భాగం చేతికి తగిలితే అక్కడ రెండో సూది పెట్టాలి, స్కాను సాయముంటే తిత్తి గోడలోని మందపాటి చోటనే గురి చూడాలి. లాగిన ద్రవాన్ని పారబోయకుండా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున చేరిన మట్టు నుంచి స్లైడ్లు చేయాలి. సూదిని సెలైన్‌తో కడిగి ఆ కడుగునీళ్లలో థైరోగ్లోబ్యులిన్ కొలిస్తే, కణాలు దొరకకపోయినా థైరాయిడ్ క్యాన్సర్ బయటపడుతుంది. స్లైడు మీద కణాలను పరిచాక ఒకదాన్ని వెంటనే ఆల్కహాల్‌లో ముంచాలి. ఫ్యాన్ కింద అర నిమిషం ఆలస్యమైతే కణాలు ఉబ్బి, కేంద్రకం వివరాలు చెరిగిపోతాయి. పరీక్ష విఫలమైందని మనం అనుకునే సందర్భాల్లో కొన్ని ఆ అర నిమిషంలో చెడినవే.

టీబీయా, క్యాన్సరా

మన దేశంలో మెడ బిళ్ళలకు అతి సాధారణ కారణాల్లో టీబీ ఒకటి. గండమాల అని పాతకాలం నుంచి తెలిసినదే. సూదిలో జున్ను లాంటి తెల్లని పదార్థం వస్తే చూసే కంటికి వెంటనే టీబీ తడుతుంది. మైక్రోస్కోపు కింద గ్రాన్యులోమా అనే కణాల గుంపులు, చనిపోయిన కణజాలం కనిపిస్తాయి. ఎర్రరంగు పట్టే టీబీ క్రిములు మాత్రం అన్ని స్లైడ్లలో దొరకవు.

ఇక్కడ రెండు బడులున్నాయి. గ్రాన్యులోమా కనిపిస్తే చాలు, టీబీ ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో మందులు మొదలుపెట్టవచ్చంటుంది పాత బడి. క్రిమిని గాని దాని జన్యువును గాని చూపించకుండా మొదలుపెట్టకూడదంటుంది కొత్త బడి. రెండో దానికి బలం జన్యు పరీక్ష యంత్రాల వల్ల వచ్చింది. ఊపిరితిత్తుల టీబీకి 2010లో జీన్ ఎక్స్‌పర్ట్‌ను సిఫార్సు చేసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో గ్రంథుల టీబీకి కూడా విస్తరించింది. మన దేశంలో 2016లో వచ్చిన ఇండెక్స్ టీబీ మార్గదర్శకాలు గ్రంథి నుంచి తీసిన నమూనాకు ఈ పరీక్ష చేయమన్నాయి. సీబీనాట్ పేరుతో ప్రభుత్వాసుపత్రుల్లో ఉన్నది ఇదే. గోవాలో తయారైన ట్రూనాట్‌కూ 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం లభించింది. రెండు గంటల్లో ఫలితం వస్తుంది, రిఫాంపిసిన్ అనే టీబీ మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా తెలుస్తుంది. ఒకే సూదితో తీసిన దానిలో సగం స్లైడుకు, సగం సీబీనాట్‌కు పంపడం ఖర్చు లేని మెరుగుదల. ఇదింకా అన్ని చోట్లా అలవాటు కాలేదు.

పాత బడి వాదంలోని ప్రమాదం నాకు ఎక్కువగా కనిపించేది పొగాకు వాడే మధ్యవయస్కుల దగ్గర. మెడ గ్రంథిలోని క్యాన్సర్ నడిమి భాగం కుళ్లితే సూదిలో వచ్చేది చీమే. రాలిన కెరటిన్ అనే పొలుసు పదార్థం చుట్టూ శరీరం అచ్చంగా గ్రాన్యులోమా లాంటి స్పందన చూపగలదు. ఆ స్లైడును టీబీగా చదివితే ఆరు నెలల మందులు, ఆ ఆరు నెలల్లో నాలుక అంచునో బుగ్గ లోపలో ఉన్న పుండు చికిత్సకు అందనంత పెరగడం. యువతుల్లో మరో పొరపాటు ఉంది. 1972లో జపాన్‌లో గుర్తించిన కికుచి వ్యాధి మెడ గ్రంథులను వాపెక్కించి, తనంతట తానే తగ్గిపోతుంది. చనిపోయిన కణజాలం అందులోనూ కనిపిస్తుంది కాబట్టి టీబీ మందులు రాసే ప్రమాదం ఉంది.

టీబీ మందులు సరిగ్గా వాడుతున్నా మధ్యలో గ్రంథి పెరగడం, కొత్తది రావడం జరుగుతుంది. శరీర రక్షణ స్పందన వల్ల అలా కావచ్చు, క్రిమి మందుకు లొంగక కావచ్చు, మొదటి నిర్ణయమే తప్పు కావచ్చు. ఈ మూడింటినీ విడదీయడానికి రెండోసారి సూది పరీక్ష అవసరం. మందులు మార్చేయడం దానికి జవాబు కాదు.

థైరాయిడ్, లాలాజల గ్రంథులు

థైరాయిడ్ విషయంలో భాష కుదిరింది. 2007లో అమెరికాలోని బెథెస్డాలో జరిగిన సమావేశం నుంచి వచ్చిన ఆరు తరగతుల పద్ధతి 2023లో మూడో కూర్పుకు చేరింది. చాలినన్ని కణాలు లేవు అనే మొదటి తరగతి నుంచి క్యాన్సర్ అనే ఆరో తరగతి దాకా, ఒక్కోదానికి ఎంత ప్రమాదమో, తరువాత ఏం చేయాలో చెబుతుంది. మిగిలిన తగవు నడిమి తరగతులది. ఫాలిక్యులర్ కణితి క్యాన్సరా కాదా అన్నది దాని పొరను గాని రక్తనాళాన్ని గాని ఛేదించిందా అన్న దాన్ని బట్టి తేలుతుంది, విడి కణాల్లో అది కనిపించదు. అక్కడ విదేశాల్లో ఖరీదైన జన్యు పరీక్షలు చేస్తారు. మన దగ్గర చాలాసార్లు గ్రంథి సగం తీసి చూడటమే దారి.

దీనికి ఎదురు సమస్య అతి పరీక్ష. దక్షిణ కొరియాలో స్కానింగులు విరివిగా చేయడంతో 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నమోదు పదిహేను రెట్లయింది, మరణాలు మాత్రం మారలేదు. స్కాన్‌లో కనిపించిన ప్రతి చిన్న గడ్డకూ సూది పెట్టకూడదన్న జాగ్రత్త అక్కడి నుంచి బలపడింది. గుంటూరు, విజయవాడల్లో మాస్టర్ హెల్త్ చెకప్‌లు పెరుగుతున్న కొద్దీ ఈ జాగ్రత్త మనకూ అవసరం.

లాలాజల గ్రంథుల గడ్డలకు 2018లో మిలాన్ పద్ధతి, లింఫు గ్రంథులకు 2020లో సిడ్నీ పద్ధతి వచ్చాయి. చెవి కింద గడ్డను నేరుగా కోస్తే ముఖ నరం తెగి మూతి వంకర పోయే ప్రమాదం ఉంది కాబట్టి, ముందు సూది పరీక్ష చేసి ఆపరేషన్ ఎంత పెద్దదో నిర్ణయించుకోవడంలో భిన్నాభిప్రాయం దాదాపు లేదు.

ఇంకా తేలనివి

కోర్ బయాప్సీని జిల్లా ఆస్పత్రుల స్థాయిలో సన్నని సూదికి బదులు వాడాలా, తోడుగా వాడాలా అన్నది ఒకటి. ముక్క దొరుకుతుంది, ప్రత్యేక రంగులు వేయవచ్చు, సైటాలజీలో ప్రత్యేక అనుభవం లేని పాథాలజిస్టు కూడా చదవగలడు. కాని సూది లావు, నమూనా తయారీకి రోజులు పడుతుంది, నీటి తిత్తిలో దానివల్ల పెద్ద లాభం లేదు. లింఫోమా అనుమానమున్న చోట, సన్నని సూది ఒకసారి విఫలమైన చోట కోర్ బయాప్సీకి వెళ్లడం సబబనిపిస్తుంది, మొదటి అడుగుగా కాదు.

స్లైడును ఫొటో తీసి దూరంగా ఉన్న నిపుణుడికి పంపడం రెండోది. యంత్రంతో స్లైడులు చదివించడం మీద కూడా పరిశోధన సాగుతోంది. చెడుగా పరిచిన స్లైడును ఎంత దూరం పంపినా, ఎంత తెలివైన యంత్రానికి చూపినా కణాలు తిరిగి రావు కాబట్టి, డబ్బు ముందు సూది పెట్టే చేతుల శిక్షణకు పోవాలా, యంత్రాలకు పోవాలా అన్నది వైద్య విద్యాధికారులు తేల్చాల్సిన మాట.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది, 'ఏమీ కనిపించలేదు' అన్న రిపోర్టు బాధ్యత ఎవరిదన్నది. పాథాలజిస్టు రాసి పంపితే తన పని అయిపోయిందా? పంపిన వైద్యుడు మూడు వారాలకు మళ్లీ పిలవాలా? గ్రామ స్థాయిలో ఆశా కార్యకర్తకు ఆ పేరు చేరాలా? టీబీ రోగికి నిక్షయ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు ఉంది, మందు ఆపితే వెతికేవాళ్లుంటారు. మెడలో తేలని గడ్డతో ఇంటికి తిరిగిపోయిన మనిషి ఏ పుస్తకంలోనూ లేడు. పరీక్ష చీటీ మీద వయసు, గడ్డ ఎన్నాళ్లుగా ఉంది, మెడలో ఎక్కడ, పొగాకు అలవాటు, నోట్లో పుండు ఉందా, తీసిన ద్రవం ఎంత, ఏ రంగు, లాగాక గడ్డ మిగిలిందా అన్న వివరాలు రాసే అలవాటు కూడా చాలాచోట్ల లేదు. 'మెడ వాపు, ఎఫ్ఎన్ఏసీ చేయండి' అన్న ఒక్క ముక్కతో వచ్చిన చీటీకి పాథాలజిస్టు అంతకు మించిన జవాబు ఇవ్వలేరు. ఈ వివరాల కోసం కొత్త యంత్రం కొనక్కర్లేదు, చీటీ అచ్చు మారిస్తే చాలు. తేలని రిపోర్టు వచ్చిన నలభై దాటినవాళ్ల పేర్లు విడిగా రాసుకుని, నెలలోపు ఈఎన్‌టీ వైద్యుడు మళ్లీ చూసేలా చేయడానికి ఒక రిజిస్టరు, దాన్ని చూసే ఒక మనిషి కావాలి. ఆ మనిషిని ఏ విభాగం ఇవ్వాలన్న దగ్గరే ఇప్పుడు సంగతి ఆగి ఉంది.